టికెట్‌లో తొమ్మిదిన్నర, సూదికి ముప్ఫై ఆరున్నర

"ప్రయాణం ఎన్ని గంటలమ్మా?" అని అడిగారు డాక్టరుగారు. చేతిసంచీలోంచి టికెట్ కాగితం తీసి ఆయన ముందు పెట్టాను. 2024 జూన్ 12, బుధవారం తెల్లవారుజామున 4 గంటలకు బెంగళూరులో బయలుదేరడం. అదే బుధవారం మధ్యాహ్నం 1.30కి శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగడం. మధ్యలో దుబాయిలో విమానం మారాలి.

"తొమ్మిదిన్నర గంటలు సార్" అన్నాను.

ఆయన కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, "తొమ్మిదిన్నర గంటల్లో అమెరికాకు చేర్చే విమానం ఉంటే నాకూ చెప్పండి, మా అబ్బాయిని చూసి నాలుగేళ్లయింది" అన్నారు. మావారు పక్క కుర్చీలో కూర్చుని కిటికీలోంచి బయటికి చూడసాగారు, నేనెవరో తెలియనట్టు.

ఇరవై ఏడేళ్లు చిక్కపేటలో ఒక పట్టుచీరల టోకు అంగడిలో లెక్కలు రాసినదాన్ని. చిట్టాకూ ఆవర్జాకూ పది రూపాయలు తేడా వస్తే ఆ రాత్రి అన్నం సయించేది కాదు. అలాంటిదాన్ని కూడికలు తీసివేతలు రాని పిల్లలా దొరికిపోయాను. నిజానికి అప్పటికి టికెట్ చేతికొచ్చి నెల దాటింది. అందులో ఏమైనా తిరకాసు ఉందేమోనన్న అనుమానమే రాలేదు. రైలు టికెట్‌లో ఎక్కే సమయం, దిగే సమయం చూసి ఒకదానిలోంచి ఒకటి తీసేస్తే ప్రయాణం ఎంతో తేలిపోతుంది. ఇదీ అంతే అనుకున్నాను.

డాక్టరుగారి ప్రశ్న కాలక్షేపానికి అడిగింది కాదు. నేను పదకొండేళ్లుగా ఇన్సులిన్ మీద ఉన్నాను. భోజనానికి ముందు వేసుకునేది ఒకటి, రాత్రి పదింటికి వేసుకునే దీర్ఘకాలపు మందు ఇంకొకటి. ఈ రెండోది దాదాపు ఇరవై నాలుగు గంటలు పనిచేస్తుంది. "గడియారంలో పది కొట్టడంతో నాకు పని లేదమ్మా. మీరు ఇక్కడ వేసుకునే చివరి సూదికీ, అక్కడ మీ అమ్మాయి ఇంట్లో రాత్రి పదింటికి వేసుకునే సూదికీ మధ్య మీ ఒంట్లో ఎన్ని గంటలు గడుస్తాయి? అది లెక్కకట్టుకుని రండి. మోతాదు అప్పుడు రాస్తాను" అన్నారు. వారం గడువు ఇచ్చారు.

ఇంటికి రాగానే అమ్మాయికి ఫోను చేశాను. "22 గంటలమ్మా, టికెట్ కొనేటప్పుడే చూశాను" అంది. మావారు ఒప్పుకోలేదు. "దూరం 14,000 కిలోమీటర్లు, విమానం వేగం గంటకు 900. భాగించు, పదిహేనున్నర" అన్నారు. ఆయనకు ఆ దూరం ఎప్పటి నుంచో నోటికొచ్చు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా విమానం ఒకటి శాన్‌ఫ్రాన్సిస్కోలో బయలుదేరి, ఉత్తర ధ్రువం మీదుగా ఎక్కడా ఆగకుండా బెంగళూరు వచ్చి దిగింది. నడిపిన వాళ్లంతా మహిళలే. దాదాపు 17 గంటలు పట్టింది. ఆ వార్తను ఆయన పేపరులోంచి కత్తిరించి దాచుకున్నారు. ఇక మా ఆడపడుచు, రెండుసార్లు వెళ్లొచ్చిన మనిషి, "రెండు రోజులు పోతాయి వదినా, రాసి పెట్టుకో" అంది.

ఒకే ప్రయాణానికి మూడు జవాబులు. ముగ్గురూ ఒట్టు పెట్టి మరీ చెప్పారు.

సరే, మొదటి నుంచీ మొదలుపెడదామని రెండో అంతస్తులో ఉండే కుర్రాడి దగ్గర గ్లోబు అరువు తెచ్చాను. కుట్టుమిషను పెట్టెలోంచి ఎర్రదారం, కొలిచే టేపు తీశాను. నడుముకు కొలత తీసుకున్నట్టు భూమధ్యరేఖ చుట్టూ టేపు తిప్పితే 64 సెంటీమీటర్లు వచ్చింది. భూమి చుట్టుకొలత 40,000 కిలోమీటర్లకు పైచిలుకు. అంటే ఆ గ్లోబు మీద ఒక సెంటీమీటరు సుమారు 625 కిలోమీటర్లు. బెంగళూరు దగ్గర ఒక గుండుసూది, శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర ఒకటి గుచ్చి, మధ్యలో దారం బిగించి లాగాను.

మా ఇంట్లో గోడకున్న ప్రపంచపటం చూసి, విమానం అరేబియా సముద్రం, ఆఫ్రికా, అట్లాంటిక్ దాటి నేరుగా పడమటికి పోతుందని అనుకునేదాన్ని. దారం అటు పోనే లేదు. బిగించి లాగే కొద్దీ పైకి, ఉత్తరానికి జారింది. నేపాల్, టిబెట్, చైనా, మంగోలియా, సైబీరియా, అలాస్కా. అక్కడి నుంచి కిందికి దిగి శాన్‌ఫ్రాన్సిస్కో. అదీ పడమటికి కాదు, తూర్పు దిక్కుగా పోయి! పటాన్ని బల్లపరుపుగా పరచడం కోసం ఉత్తరపు దేశాలన్నింటినీ సాగదీస్తారు కాబట్టి అందులో కనిపించే దగ్గరిదారి దగ్గరిదారి కాదు. కమలాపండు తొక్కను బల్ల మీద పరచి చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. దారం పొడవు 22 సెంటీమీటర్లకు రెండు గీతలు ఎక్కువ. గుణిస్తే 14,000కు కాస్త తక్కువ. మావారి అంకె నిలబడింది. ఆ సాయంత్రం కాఫీ ఆయనే పెట్టారు.

కానీ మేం వెళ్లేది ఆ దారిన కాదు. నేరుగా వెళ్లే విమానం వారంలో కొన్ని రోజులే ఉండేది, మాకు కుదిరిన తేదీన లేదు. కాబట్టి దారాన్ని దుబాయి మీదుగా తిప్పాను. బెంగళూరు నుంచి దుబాయి 2,700 కిలోమీటర్లు, అక్కడి నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో 13,000. మొత్తం 15,700. ఈ రెండో ముక్క కొలవడం ఒక అవస్థ అయింది. దుబాయి, శాన్‌ఫ్రాన్సిస్కో భూగోళానికి ఇంచుమించు ఎదురెదురు రేఖాంశాల మీద ఉన్నాయి. అందువల్ల దారం సరిగ్గా గ్లోబు నెత్తి మీదికి వస్తుంది. అక్కడేమో ఇరుసు మేకు. దారం ఆ మేకును తగిలి ఒకసారి ఇటు, ఒకసారి అటు జారిపోయేది. చివరికి మావారు వేలితో అదిమి పట్టుకుంటే కొలిచాను.

దారం పోయిన దారిన విమానం పోతుందా అంటే, అదీ లేదు. అల్లుడు ఫోనులో చెప్పాడు. టిబెట్ పీఠభూమి మీదుగా విమానాలు వీలైనంత వరకు వెళ్లవు. లోపలి గాలి ఒత్తిడి పడిపోతే విమానం వెంటనే మూడు కిలోమీటర్ల ఎత్తుకు దిగాలి, అక్కడ నేలే నాలుగున్నర కిలోమీటర్ల ఎత్తున ఉంది. 2022 నుంచి యూరప్, అమెరికా కంపెనీల విమానాలు రష్యా మీదుగా వెళ్లడానికి వీల్లేదు, చుట్టూ తిరిగి పోవాలి. ఆపైన గాలి. విమానాలు ఎగిరే ఎత్తులో పడమటి నుంచి తూర్పుకు ఒక గాలి ఏరులా పారుతుందట. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి న్యూయార్క్ వెళ్లడానికి అయిదున్నర గంటలు పడితే, తిరిగి రావడానికి ఆరున్నర పట్టేది అందుకేనట. టికెట్‌లో వేసే సమయం కూడా గాలిలో ఉన్నంతసేపే కాదు. ఎక్కే ద్వారం దగ్గర చక్రం కదిలినప్పటి నుంచి, దిగే ద్వారం దగ్గర చక్రం ఆగేదాకా. మావారి భాగహారంలో ఇవేవీ లేవు. దుబాయి నుంచి 13,000 కిలోమీటర్లను 900తో భాగిస్తే పద్నాలుగున్నర గంటలు కూడా రావు, టికెట్ లెక్కన మాత్రం 15 గంటల 40 నిమిషాలు.

ఇక గడియారాలు. పాత లెక్కల పుస్తకంలో ఒక పేజీ చించి నిలువుగా రెండు గడులు గీశాను. ఎడమ గడిలో ఊరి గడియారం, కుడి గడిలో మన గడియారం. టికెట్‌లో వేసే ప్రతి సమయం ఆ ఊరి గడియారం ప్రకారమే ఉంటుంది. నేను పప్పులో కాలేసింది అక్కడే. రూపాయల్లోంచి డాలర్లు తీసేసినట్టు, బెంగళూరు గంటల్ని కాలిఫోర్నియా గంటల్లోంచి తీసేశాను. దుబాయి మనకంటే గంటన్నర వెనక. కాలిఫోర్నియా వేసవిలో పన్నెండున్నర గంటలు వెనక. బెంగళూరులో 4 గంటలకు కదిలి దుబాయిలో వాళ్ల 6.30కి దిగితే మనకు ఉదయం 8. అక్కడ 8.50కి ఎక్కితే మనకు 10.20. శాన్‌ఫ్రాన్సిస్కోలో మధ్యాహ్నం 1.30కి దిగితే మనకు అర్ధరాత్రి దాటి 2 గంటలు, తేదీ 13. కుడి గడిలో పైనుంచి కిందికి చూస్తే చాలు: 4 నుంచి మర్నాటి 2 దాకా, 22 గంటలు. అమ్మాయి లెక్క తేలింది. విమానాల్లో కూర్చునేది 19 గంటల 40 నిమిషాలు, దుబాయిలో నిరీక్షణ 2 గంటల 20 నిమిషాలు.

డాక్టరుగారికి కావలసింది ఇదీ కాదు. 11వ తేదీ రాత్రి 10కి ఇంట్లో సూది. 12వ తేదీ రాత్రి 10కి అమ్మాయి ఇంట్లో సూది. కాగితం మీద సరిగ్గా ఒక రోజు. కుడి గడిలో చూస్తే అమ్మాయి ఇంట్లో రాత్రి 10 అంటే మనకు 13వ తేదీ ఉదయం 10.30. మధ్యలో ముప్ఫై ఆరున్నర గంటలు! ఇరవై నాలుగు గంటలు పనిచేసే మందు వేసుకుని ముప్ఫై ఆరున్నర గంటలు కూర్చోవాలన్నమాట.

ఆ కాగితం చూసి డాక్టరుగారు ఈసారి కళ్లద్దాలు సరిగ్గా పెట్టుకున్నారు. మన గడియారం ప్రకారం 12 రాత్రి 10కి, అంటే విమానంలో ఉండగా, మధ్యలో ఒక చిన్న మోతాదు రాసిచ్చారు. ఎంత అన్నది ఇక్కడ రాయను. అది నా ఒంటికి రాసిన చీటీ, ఎవరి చీటీ వారి డాక్టరు రాయవలసిందే. ఇన్సులిన్‌ను పెద్ద పెట్టెలో పెట్టవద్దని, సామాన్ల అరలో చలికి గడ్డకడితే మందు పాడవుతుందని, చేతిసంచీలోనే ఉంచుకోమని చెప్పారు. మందుల కోసం ఉత్తరం ఇచ్చారు. భోజనం సూది మాత్రం పళ్లెం కళ్ల ముందుకు వచ్చాకే వేసుకోవాలి, ఇంకో పది నిమిషాల్లో ఇస్తామన్న మాట నమ్మి వేసుకోకూడదు అన్నారు. చివరగా, "ఒక గడియారం మన సమయంలోనే ఉంచండి, దాన్ని ముట్టుకోకండి" అన్నారు.

ఆ గడియారం బాధ్యత మావారు తీసుకున్నారు. ఆయన దగ్గర కీ ఇచ్చే పాత హెచ్‌ఎంటీ వాచీ ఉంది. పెళ్లినాటిది, ఈ బెంగళూరులోనే తయారైంది. రోజూ రాత్రి తొమ్మిదికి మంచం అంచున కూర్చుని కీ ఇస్తారు. ఫోను మనమెక్కడికి వెళితే అక్కడి సమయానికి మారిపోతుంది, ఇది అలా మారదు అని ఆయన వాదం. నాకూ సబబుగానే తోచింది.

11వ తేదీ రాత్రి 10కి సూది వేసుకుని, 11కి రామమూర్తినగర్‌లో కారెక్కాం. వాన తుంపర. హెన్నూరు దారిలో లారీల వెనక నెమ్మదిగా వెళ్లాం. విమానాశ్రయం హెచ్‌ఏఎల్‌లో ఉన్న రోజుల్లో మా ఇంటికి అది పక్కవీధి లాంటిది. 2008 మే నుంచి దేవనహళ్లికి మారిపోయాక, బంధువులను దింపి రావడమే సగం రోజు పని అయింది. రెండో టెర్మినల్‌లో పైకప్పు నుంచి వేలాడే మొక్కలను చూస్తూ మావారు అరగంట గడిపారు. నేను మందుల సంచీని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. తనిఖీ దగ్గర ఉత్తరం చూపిస్తే ఏ ఇబ్బందీ రాలేదు. దుబాయి దాకా చెప్పుకోదగ్గదేమీ జరగలేదు.

రెండో విమానంలో భోజనం అయ్యాక కాసేపు నిద్రపోయాను. మెలకువ వచ్చి మావారి చేతికేసి చూస్తే మూడూ పది. పదింటికి ఇంకా చాలా సమయం ఉందిలే అనుకుని మళ్లీ కళ్లు మూసుకున్నాను. ఆ తరువాత లేచి, నడవాలో రెండుసార్లు అటూ ఇటూ నడిచి, కిటికీ రేకు వేలెడంత ఎత్తి చూశాను. కింద అంతా తెలుపు, మధ్యమధ్య నల్లటి పగుళ్లు. ముగ్గుపిండి ఎండి బీటలు వారినట్టు. ఎండ మండిపోతోంది. దుబాయిలో ఎక్కినప్పటి నుంచీ ఎండే. జూన్‌లో ధ్రువం దగ్గర పొద్దు వాలదు కదా. మా అమ్మ మదనపల్లెలో గుమ్మం నీడ చూసి టైము చెప్పేది, అయిదు నిమిషాలు అటూ ఇటూ అంతే. ఆమెను తెచ్చి ఈ కిటికీ దగ్గర కూర్చోబెట్టినా చెప్పలేదు. రేఖాంశాలన్నీ ఒకచోట ముడిపడే చోట ఏ ఊరి టైమని చెబుతుంది?

సీటులో కూర్చుని మళ్లీ వాచీ చూశాను. మూడూ పది.

గుండె ఝల్లుమంది. మావారిని లేపాను. ఆయన వాచీని చెవి దగ్గర పెట్టుకుని విన్నారు, ఊపి విన్నారు, ఆ తరువాత నా ముఖంలోకి చూశారు. 11వ తేదీ రాత్రి తొమ్మిదికి పెట్టెలకు తాళ్లు కట్టే హడావుడిలో కీ ఇవ్వడం మరచిపోయారు. 10వ తేదీ రాత్రి ఇచ్చిన కీతోనే అంతసేపూ నడిచింది పాపం. "పదయిపోయిందా?" అని అడిగారు. నాకు ఏం తెలుసు! ఒకసారి పడుకున్నానా, రెండుసార్లా, ఎంతసేపు?

అప్పుడు ఆ కాగితం తీశాను. ముందు సీటు వెనకనున్న తెరలో విమానం బొమ్మ కెనడా మీద ఉంది. కింద చేరే ఊరి సమయం ఉదయం 9.10 అని ఉంది. పన్నెండున్నర కలిపితే మనకు రాత్రి 9.40. కానీ ఒక్క లెక్కను నమ్మే అలవాటు నాకు లేదు. తెరలో ఇంకో చోట, చేరడానికి ఇంకా 4 గంటల 20 నిమిషాలు అని ఉంది. మన గడియారంలో దిగేది 2కి. రెండులోంచి నాలుగూ ఇరవై తీస్తే మళ్లీ 9.40. చిట్టా, ఆవర్జా సరిపోయాయి. ఊపిరి పీల్చుకుని, వేలి చివర చుక్క రక్తం తీసి చక్కెర చూసుకుని, మరో ఇరవై నిమిషాలకు సూది వేసుకున్నాను. మావారు ఆ ఇరవై నిమిషాలూ వాచీకి కీ ఇస్తూనే ఉన్నారు. ఎక్కువ తిప్పితే తెగుతుందని చెప్పినా వినలేదు.

దిగేసరికి 1.25 అయింది. పాస్‌పోర్టు వరసలో గంటంపావు, పెట్టెల దగ్గర ముప్పావుగంట. అధికారి "ఎంతకాలం ఉంటారు?" అని అడిగితే నా నోటికి గంటల లెక్కే వచ్చింది, మావారు ముందుకు వచ్చి అయిదు నెలలని చెప్పారు. సముద్రపు పాయ మీద పొడవాటి వంతెన దాటి, ఫ్రీమాంట్‌లో అమ్మాయి ఇంటి మెట్లెక్కేసరికి సాయంత్రం 4.30. వాచీలో తెల్లవారుజామున 5. మా ఇంటి తలుపుకు తాళం వేసినప్పటి నుంచి 30 గంటలు. బుధవారం ఇంకా అయిపోలేదు. మా ఆడపడుచు చెప్పిన రెండు రోజులు ఎక్కడివో ఆ వారం తెలిసింది, పగలు నిద్ర, రాత్రి జాగారం. ఆవిడ వాటినీ కలిపి చెప్పిందన్నమాట.

తిరుగు ప్రయాణం నవంబరు 12న. మావారు పాత కాగితమే మడతలు విప్పి, మళ్లీ పన్నెండున్నరతో లెక్క కట్టి నాకిచ్చారు. అమ్మాయి చూసి పెన్సిలుతో కొట్టేసింది. నవంబరు మొదటి ఆదివారం అక్కడి గడియారాలన్నీ ఒక గంట వెనక్కి తిప్పుతారు. ఆ ఏడాది అది 3వ తేదీన వచ్చింది. అప్పటి నుంచి తేడా పదమూడున్నర. కుడి గడి మొత్తం కొత్తగా రాసి, ఫోనులో డాక్టరుగారికి చదివి వినిపించి, ఆయన చెప్పిన మోతాదులు పక్కన రాసుకున్నాను. ఈసారి టికెట్‌లో బయలుదేరడం 12వ తేదీ మధ్యాహ్నం, చేరడం 14వ తేదీ తెల్లవారుజామున. వెళ్లేటప్పుడు సాగిన బుధవారం వచ్చేటప్పుడు కురచ అయిపోయింది. వాచీకి మాత్రం రెండు రాత్రులూ నేనే దగ్గరుండి కీ ఇప్పించాను.

బెంగళూరు వచ్చిన మర్నాడు గ్లోబు తిరిగి ఇవ్వడానికి పైకి వెళ్లాను. అయిదు నెలలు మా బీరువా మీదే ఉండిపోయింది. కుర్రాడు దాన్ని ఒకసారి గిరగిరా తిప్పి ఆపి, "ఆంటీ, శాన్‌ఫ్రాన్సిస్కోకు చిల్లు పెట్టారు" అన్నాడు. బెంగళూరుకు కూడా పెట్టాను, అది వాడింకా చూడలేదు.